‘ఇంటర్వ్యూ అండర్ కాషన్’కు రమ్మని ఉత్తరం వచ్చింది, సలహా కావాలి

కొత్త సభ్యుడు, ఉత్తర ఇంగ్లండ్:
సభ్యులందరికీ నమస్కారం. విదేశీ డాక్టర్లు రాసే ప్లాబ్ పరీక్ష రాసి వచ్చి, నిరుడు ఇక్కడి ఒక ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) ట్రస్టు ఆసుపత్రిలో క్లినికల్ ఫెలోగా, అంటే జూనియర్ డాక్టరుగా చేరాను. నడుము నొప్పితో రెండు వారాలు సిక్ లీవులో ఉన్నాను. నొప్పి కాస్త తగ్గడంతో, సెలవు ముగియకముందే వేరే ఆసుపత్రిలో రెండు లోకమ్ (తాత్కాలిక) షిఫ్టులు చేశాను. ఇప్పుడు ట్రస్టులో మోసాలను విచారించే కౌంటర్ ఫ్రాడ్ అధికారి నుంచి పై ఉత్తరం వచ్చింది, అంటే హెచ్చరిక చదివి వినిపించి చేసే నేర విచారణకు రమ్మని. ఆ రోజుల సిక్ లీవు జీతం తిరిగి కట్టేసి, క్షమాపణ రాసి ఇస్తే సరిపోతుందా? డాక్టర్ల రిజిస్ట్రేషన్ చూసే జీఎంసీకి (జనరల్ మెడికల్ కౌన్సిల్) ఇప్పుడే చెప్పాలా? ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

బర్మింగ్‌హామ్ సభ్యుడు:
డాక్టర్ గారూ, అసలు మీరు అడగవలసిన ప్రశ్న వేరు. డాక్టర్లకు న్యాయ సహాయం చేసే ఎండీయూ, ఎంపీఎస్, ఎండీడీయూఎస్ సంఘాలలో దేనిలోనైనా మీకు సభ్యత్వం ఉందా? మన పిల్లలు ఎన్‌హెచ్‌ఎస్ ఇండెమ్నిటీ ఉందన్న ధీమాతో సభ్యత్వం తీసుకోరు. అది రోగులు వేసే నష్టపరిహారం దావాలకే పనికొస్తుంది గానీ, జీఎంసీ విచారణలో మీ పక్కన నిలబడదు. ఈరోజే చేరండి. లాయరుకు ఖర్చేమీ కాదు, డ్యూటీ సొలిసిటర్ ఉచితంగా వస్తాడు. లోపలికి వెళ్లి ‘నో కామెంట్’ అనండి, చాలు.

లీడ్స్ సభ్యురాలు:
అన్నగారు చెప్పిన ఎన్‌హెచ్‌ఎస్ ఇండెమ్నిటీ మాట నిజం, తక్కినవాటితో జాగ్రత్త. ఈరోజు చేరితే నిన్నటి వ్యవహారానికి రక్షణ రాదు. అప్పటికే సభ్యులై ఉన్నా, వైద్యానికి సంబంధించని డబ్బు ఆరోపణను వారు చేపట్టాలా వద్దా అన్నది వారి విచక్షణ. ఉచిత సొలిసిటర్ హక్కు పోలీసులు చేసే ఇంటర్వ్యూకు ఉంటుంది. ట్రస్టు గదిలో కౌంటర్ ఫ్రాడ్ అధికారి చేసే ఇంటర్వ్యూకు అది దానంతటదే వర్తిస్తుందని అనుకోకండి. డాక్టర్ల యూనియన్ బీఎంఏలో సభ్యులైతే ఈరోజే వారికి ఫోన్ చేయండి.

ఇక భయపెడుతున్న ఆ మాట సంగతి. ఈ దేశంలో ‘కాషన్’ అనే పేరుతో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ప్రశ్నలు అడిగే ముందు చదివి వినిపించే హెచ్చరిక ఒకటి. నేరం ఒప్పుకున్నవారికి కోర్టుకు పంపకుండా పోలీసులు ఇచ్చేది రెండోది. మీకు వచ్చింది మొదటిది. రెండోది ఒప్పుకున్నా, మీ మీద నేరాభియోగం (చార్జి) పడినా ఆలస్యం చేయకుండా జీఎంసీకి చెప్పి తీరాలి. ఇంటర్వ్యూకు పిలిచినంత మాత్రాన ఆ నియమం వర్తించదు. కానీ ట్రస్టు సస్పెండ్ చేస్తే, మీరు పనిచేసే తక్కిన చోట్లన్నిటికీ, లోకమ్ ఏజెన్సీతో సహా, వెంటనే తెలియజేయాలి. ‘తొందరగా తేలిపోతుంది’ అని ఎవరైనా రెండో కాషన్ మీద సంతకం పెట్టమంటే, లాయరు చూడకుండా పెట్టకండి.

కార్డిఫ్ సభ్యుడు:
క్షమాపణ లేఖ మాట చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. పదేళ్ల పైమాట. నా ఆన్‌కాల్ గంటల లెక్కల్లో తేడా ఉందని అప్పటి ఆసుపత్రి మేనేజరు పిలిచారు. ‘టీ తాగుతూ మాట్లాడుకుందాం, కంగారు పడకండి’ అన్నారు. టీ ఇచ్చిన మాట నిజమే, పక్కన ఒకామె ప్రతి మాటా టైపు చేస్తూ కూర్చున్న మాటా నిజమే. ఆ రాత్రి నిద్ర పట్టక మూడు పేజీల ఉత్తరం రాశాను. మన ఇళ్లలో ఎంతటి పెద్దవారి కోపమైనా ‘తప్పైపోయిందండీ’ అంటే చల్లారుతుంది కదా, అదే అలవాటున ‘తప్పు పూర్తిగా నాదే, సిగ్గుపడుతున్నాను’ అని రాసి ఇచ్చాను. నిజానికి సగం గంటలు రోటా (డ్యూటీల పట్టిక) మార్చినవారి పొరపాటు. కొన్ని నెలలకు జీఎంసీ నుంచి రూల్ 7 ఉత్తరం వచ్చింది. ఆరోపణలకు జవాబివ్వడానికి 28 రోజుల గడువు. దాంతో వచ్చిన కాగితాల కట్టలో అన్నిటికంటే పైన నా మూడు పేజీలే ఉన్నాయి. మర్యాద కోసం రాసిన ప్రతి వాక్యమూ అక్కడ ఒప్పుకోలు అయిపోయింది. చివరికి కేసు ముందుకు వెళ్లాలా వద్దా అని తేల్చే జీఎంసీ కేస్ ఎగ్జామినర్లు సలహాతో ముగించారు గానీ, ఆ పద్నాలుగు నెలలూ పోస్టు పడిన చప్పుడైతే మా ఆవిడ ముందు నా ముఖం చూసేది.

బర్మింగ్‌హామ్ సభ్యుడు:
అందుకే కదా ‘నో కామెంట్’ అన్నాను! నోరు విప్పకపోతే ఏ కట్టలోనూ చేరదు.

లీడ్స్ సభ్యురాలు:
అన్నగారూ, ఆ హెచ్చరికలోనే ఉంది: తర్వాత కోర్టులో ఆధారపడే విషయాన్ని ఇప్పుడు చెప్పకపోతే మీ వాదనకు నష్టం కలగవచ్చని. మౌనమూ, మాటా కాక, సొలిసిటర్ రాసి ఇచ్చే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అనే మూడో దారి కూడా ఉంది. ఏది మంచిదో వారి దగ్గరున్న కాగితాలు ముందుగా అడిగి చూసిన లాయరే చెప్పగలరు. ఆ లాయరు క్రిమినల్ పనితో పాటు జీఎంసీ పని కూడా తెలిసినవారై ఉండాలి. కోర్టులో కేసు కొట్టేసినా జీఎంసీ వదిలిపెట్టాలని లేదు. 2008 నుంచి అక్కడ రుజువుకు సివిల్ ప్రమాణమే, అంటే జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందనిపిస్తే చాలు. ఈలోగా డాక్టర్ల కేసులు వినే మాంచెస్టర్‌లోని ఎంపీటీఎస్ ట్రైబ్యునల్ 18 నెలల వరకు తాత్కాలిక ఆంక్షలు పెట్టగలదు. డబ్బు మొత్తం కంటే నిజాయితీ లేదన్న మాటే వారికి బరువు. ల్యాప్‌టాప్ ఇస్తామని ‘ప్రామిస్’ చేశారని చెప్పిన ఒక్క మాట నిజాయితీ లేనిదని 2022లో ఒక డాక్టరుకు నెల సస్పెన్షన్ పడింది. ఆ తర్వాత ఆమె అప్పీలును జీఎంసీయే వ్యతిరేకించలేదు. కాబట్టి డబ్బు తిరిగి కట్టడం కూడా లాయరు చేతి మీదుగానే, ఆయన చెప్పిన మాటలతోనే జరగాలి.

గ్లాస్గో సభ్యుడు:
మౌనం వల్ల నష్టమన్నది ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లండ్‌లో మౌనం నుంచి అలా అర్థం తీయరు.

బర్మింగ్‌హామ్ సభ్యుడు:
ఆయన ఉన్నది ఉత్తర ఇంగ్లండ్‌లోనండీ.

కార్డిఫ్ సభ్యుడు:
తమ్ముడూ, ఇంకొక్క మాట. లోకమ్ బుకింగ్ మెయిళ్లు గానీ, వాట్సాప్ మెసేజీలు గానీ చెరిపేయకండి. తోటివారిని ‘ఇలా చెప్పండి’ అని అడగకండి. ఇండియా వెళ్లిపోదామన్న ఆలోచన వస్తుంది, నాకూ వచ్చింది. వెళ్లినా, రేపు మరో దేశంలో రిజిస్ట్రేషన్ కోసం గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (మీ రిజిస్ట్రేషన్ మీద చిక్కులేమీ లేవన్న పత్రం) అడిగిన రోజున ఇది ఎదురవుతుంది.

కొత్త సభ్యుడు:
అందరికీ కృతజ్ఞతలు. క్షమాపణ లేఖ రాసి బ్యాగులో పెట్టుకున్నాను, పంపలేదు. రెండు పనులూ చూసే సొలిసిటర్‌తో బుధవారం మాట్లాడుతున్నాను, ఇంటర్వ్యూ తేదీ వాయిదా వేయమని ఆయన చేతే రాయిస్తాను. ఈ రాత్రి ఇంట్లో చెబుతాను.