ఏఎంపీఎస్ ఫోన్లలో మాట్లాడుతుండగా సెల్ ఎలా మారేది?

తీగలేనిమాట:
1983 అక్టోబర్ 13న చికాగోలో మొదలైన అమెరికా తొలితరం అనలాగ్ సెల్‌ఫోన్ పద్ధతి, ఏఎంపీఎస్ గురించి ఒక సందేహం. ఫోన్‌లో ఉండేది ఒక్కటే రిసీవర్, అదీ అనలాగ్ ఎఫ్ఎమ్. కాల్ నడుస్తున్నంతసేపూ అది తన వాయిస్ ఛానల్ మీదే ఉంటుంది. మరి పక్క సెల్ సిగ్నల్ బాగుందని ఫోన్‌కి ఎలా తెలిసేది? మారే క్షణంలో మాట తెగేది కాదా? తర్వాత వచ్చిన డిజిటల్ పద్ధతి జీఎస్ఎమ్‌లో హ్యాండోవర్ (కాల్‌ని ఒక సెల్ నుంచి మరో సెల్‌కి మార్చడం, దీన్నే హ్యాండాఫ్ అనీ అంటారు) తెలుసు కానీ, అదే పద్ధతిని ఇక్కడ పెట్టి చూస్తే పొసగడం లేదు.

స్విచ్‌రూమ్:
ఫోన్‌కి తెలియదండి, తెలియాల్సిన పనీ లేదు. కొలిచేది టవరు, తేల్చేది స్విచ్. జీఎస్ఎమ్ పద్ధతి ఇక్కడ పొసగనిది అందుకే.

కాల్ ఉన్న సెల్‌సైట్ ఫోన్ నుంచి వచ్చే సిగ్నల్ బలాన్ని కొన్ని సెకన్లకోసారి చూస్తుంది. తగ్గుతుంటే ముందు ఫోన్ పవర్ పెంచమంటుంది. పవర్‌కి 8 మెట్లు, మెట్టుకి 4 డీబీ. అప్పటికీ హద్దు కంటే కిందే ఉంటే మొబైల్ స్విచింగ్ ఆఫీసుకి, అంటే ఎంటీఎస్ఓకి, డేటా లింక్ మీద కబురు వెళ్తుంది. ఎంటీఎస్ఓ చుట్టుపక్కల సెల్‌సైట్లని "ఫలానా ఛానల్ వినండి" అని అడుగుతుంది. ప్రతి సైట్‌లోనూ ఏ ఛానల్‌కైనా తిప్పగలిగే లొకేటింగ్ రిసీవర్ ఒకటి ఉంటుంది. అది ఆ ఛానల్‌కి తిరిగి, ఫోన్ సిగ్నల్ తనకి ఎంత బలంగా వినిపిస్తోందో చెబుతుంది. అందరికంటే బాగా విన్న సైట్‌లో ఖాళీ ఛానల్ ఉంటే ఎంటీఎస్ఓ దాన్ని పట్టి ఉంచి, అక్కడి ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయిస్తుంది.

ఆ తర్వాతే ఫోన్‌కి ఆర్డర్. మాట నడుస్తున్న వాయిస్ ఛానల్ మీదే, మాటని కాసేపు ఆపి, సెకనుకి 10 కిలోబిట్ల వేగంతో డేటా పంపుతారు. దీన్ని బ్లాంక్ అండ్ బర్స్ట్ అంటారు. అందులో ఉండేది 28 బిట్ల సమాచారం, 12 బిట్ల ప్యారిటీ (తప్పులు పట్టుకునే బిట్లు). కొత్త ఛానల్ నంబరు (11 బిట్లు), అక్కడ ఉండాల్సిన పవర్ మెట్టు, అక్కడి శాట్ రంగు (సూపర్వైజరీ ఆడియో టోన్, అంటే కాల్‌ని గుర్తుపట్టే టోన్లలో ఏది అన్నది), అన్నీ అందులోనే. ఇదే డేటాని 11 సార్లు పంపుతారు. సింక్ బిట్లతో కలిపి సుమారు 100 మిల్లీసెకన్లు పడుతుంది.

ఆర్డర్ అందిన ఫోన్ 10 కిలోహెర్ట్జ్ సిగ్నలింగ్ టోన్‌ని 50 మిల్లీసెకన్లు మోగిస్తుంది, అదే "అందింది" అన్న జవాబు. తర్వాత ట్రాన్స్‌మిటర్ ఆపి, కొత్త ఛానల్‌కి తిరిగి, మళ్లీ ఆన్ చేస్తుంది. ఎంటీఎస్ఓ ఈలోగా మాట దారిని కొత్త సైట్ ట్రంక్ లైన్‌కి మారుస్తుంది. మొత్తం కలిపి సెకనులో అయిదో వంతు. మాట తెగుతుంది, కానీ వినేవాళ్లకి చిన్న టిక్కులాగే అనిపిస్తుంది.

ఎఫ్ఎమ్‌కాకా:
పై జవాబులో శాట్ పేరు మాత్రమే వచ్చింది. అసలు కీలకం అదే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

అదే ఛానల్‌ని కొన్ని సెల్‌ల అవతల ఇంకొకరు వాడుతుంటారు. మామూలు అమరిక 7 సెల్‌ల గుంపు, ఒక్కో సెల్‌లో 3 సెక్టర్లు, అంటే 21 సెట్లు. తొలి కేటాయింపులో ఒక్కో కంపెనీకి 30 కిలోహెర్ట్జ్ చొప్పున 333 ఛానళ్లు, అందులో 21 కంట్రోల్‌కి పోగా 312. అంటే సెక్టర్‌కి దాదాపు 15. కాబట్టి లొకేటింగ్ రిసీవర్ విన్నది మన ఫోనేనా, దూరంగా అదే ఛానల్ మీదున్న మరొకరిదా అన్నది తేలాలి. అందుకే ప్రతి సైట్ మాట వెనకాలే 5970, 6000, 6030 హెర్ట్జ్‌లలో ఒక టోన్ పంపుతుంది, అదే శాట్. ఫోన్ దాన్నే తిరిగి పంపాలి. ఇయర్‌పీస్‌కి వెళ్లేముందు ఫిల్టర్ తీసేస్తుంది కాబట్టి చెవికి వినపడదు.

వేరే టోన్ వచ్చినా, అసలు రాకపోయినా ఫోన్ ఆడియో మ్యూట్ చేస్తుంది. 5 సెకన్లపాటు సరైన టోన్ దొరక్కపోతే ట్రాన్స్‌మిటర్ ఆపేస్తుంది, కాల్ పోయినట్టే. హ్యాండాఫ్ తర్వాత కొత్త సైట్‌కి ఈ టోన్ తిరిగి వస్తేనే ఫోన్ చేరిందని లెక్క. ఉన్నవి మూడే టోన్లు కాబట్టి ప్లానింగ్‌లో తప్పు జరిగితే ఒకే ఛానల్, ఒకే టోన్ ఉన్న రెండు సైట్లు ఒకదాని కాల్‌ని మరొకటి తనదే అనుకుంటాయి. అప్పుడే ఎవరిదో గొంతు మీ ఫోన్‌లో వినిపించేది.

తీగలేనిమాట:
బాగా అర్థమైంది, ధన్యవాదాలు ఇద్దరికీ. మరి ఆర్డర్ అందకపోతే? పక్క సెల్‌లో ఖాళీ లేకపోతే?

స్విచ్‌రూమ్:
ఆర్డర్ అందకపోతే 50 మిల్లీసెకన్ల టోన్ రాదు. ఎంటీఎస్ఓ పాత దారిని కదపదు, కాసేపటికి మళ్లీ ప్రయత్నిస్తుంది. ప్రమాదం టోన్ వచ్చి, ఫోన్ మాత్రం కొత్త చోట కనపడనప్పుడే. పాతది వదిలేసింది, కొత్తది దొరకలేదు, లైన్ కట్. ఖాళీ లేకపోతే రెండో మంచి సైట్‌ని చూస్తారు, అదీ లేకపోతే పాత సెల్‌లోనే గరగరతో లాగిస్తారు.

హద్దుల అమరికే అసలు చిక్కు. 850 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 35 సెంటీమీటర్లు, ఊళ్లో అందులో సగానికి, అంటే ప్రతి 17.5 సెంటీమీటర్లకీ సిగ్నల్ ఓసారి పాతాళానికి పడిపోవచ్చు. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారులో అది సెకనుకి దాదాపు 95 గుంటలు. ఒక్క కొలతని నమ్మితే ఊరికే హ్యాండాఫ్‌లు అవుతాయి, అందుకని సగటు తీయాలి. సగటు ఎక్కువసేపు తీస్తే మలుపు తిరగగానే భవనం అడ్డుపడి సిగ్నల్ కూలినప్పుడు ఆర్డర్ పంపే వ్యవధే ఉండదు. రెండు సైట్లు సమానంగా వినే చోట కాల్ అటూ ఇటూ గెంతకుండా, కొత్త సైట్ కొన్ని డీబీలైనా మెరుగ్గా ఉండాలని షరతు పెడతారు.

చేతి ఫోన్లతో ఇది ఇంకా ముదిరింది. కారు ఫోన్ తరగతికి గరిష్ఠం 4 వాట్లు, చేతి ఫోన్‌కి 0.6 వాట్ మాత్రమే, అంటే రెండు మెట్లు తక్కువ. కారు ఫోన్లకి సరిపోయేలా పెట్టిన సెల్ అంచున చేతి ఫోన్లు టవర్‌ని వింటాయి, టవర్ వాటిని వినదు.

సిగ్నల్_బాబాయ్:
జీఎస్ఎమ్ తేడా ఒక్క ముక్కలో: ఫోన్‌కి ఖాళీ దొరికింది. సమయాన్ని కోసిన 8 ముక్కల్లో (టైమ్‌స్లాట్లలో) ఒకదానిలో వింటుంది, ఒకదానిలో పంపుతుంది, మిగతా సమయంలో పక్క సెల్‌లని కొలిచి, బలమైన 6 వరకూ 480 మిల్లీసెకన్లకోసారి రిపోర్ట్ పంపుతుంది. ఏఎంపీఎస్‌లో ట్రాన్స్‌మిటర్, రిసీవర్ రెండూ ఆగకుండా పనిచేయాలి కాబట్టి ఆ వెసులుబాటు లేదు. మన దగ్గర 1995లో సెల్ సేవలు నేరుగా జీఎస్ఎమ్‌తోనే మొదలయ్యాయి, అందుకే లొకేటింగ్ రిసీవర్ మాట ఇక్కడ పెద్దగా వినపడదు.

ఇంకొకటి. చెవికి టిక్కులా అనిపించిన ఆ ఖాళీ మోడెమ్‌కి మాత్రం లైన్ పోవడంతో సమానం. సెల్యులార్ లైన్ కోసం ఎంఎన్‌పీ 10 లాంటి ప్రోటోకాల్స్ (మోడెమ్‌లు డేటా మార్చుకునే నియమాలు) రావడానికి అదీ ఒక కారణం. డేటాని చిన్న ముక్కలుగా పంపి, పోయినదాన్ని మళ్లీ పంపేవి. పాత మోడెమ్ ఉన్నవాళ్లు డేటా పంపేటప్పుడు కారు ఆపుకునేవాళ్లు.