అధ్యాయానికి ‘ముసలం’ అని పేరు పెట్టొచ్చా?

అందరికీ నమస్కారం. అనకాపల్లి వైపు బెల్లం వండే ఒక కుటుంబం మీద నవల రాస్తున్నాను. ముగ్గురు అన్నదమ్ములు, ఒకటే గానుగ. మొదట అధ్యాయాలకు అంకెలే వేసుకున్నాను. సగం దాటాక పేర్లు పెట్టాలనిపించింది. చెరకు తోటలోనూ పొయ్యి దగ్గరా వినిపించే మాటలనే తీసుకున్నాను: గానుగ, పిప్పి, పాకం, కార్శి.

కార్శి అంటే చెరకు నరికేశాక అదే మోడు నుంచి మళ్లీ పెరిగే పంట. పట్నం వెళ్లిన పెద్దకొడుకు ఊరికి తిరిగొచ్చే అధ్యాయానికి ఆ పేరు పెట్టాను. పెట్టాక ఆ అధ్యాయాన్ని మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. అంతకుముందు అతను ఓడిపోయి వచ్చినవాడిలా తలదించుకుని బస్సు దిగేవాడు. మోడులో ఇంకా వేరు బతికే ఉందని పేరు చెబుతుంటే అతన్ని అలా దించడానికి నాకు మనసొప్పలేదు.

పాతవాళ్లు తమ గ్రంథాల్లో భాగాలకు పెట్టిన పేర్లు కూడా ఒకసారి చూసుకున్నాను. పర్వం అంటే కణుపు అనే అర్థం కూడా ఉంది. వెదురుకీ చెరకుకీ ఉండే కణుపే. కాండం సంగతి మనకు తెలిసిందే. స్కంధం అంటే చెట్టు బోదె. అంటే పుస్తకాన్ని వాళ్లు పెరిగే మొక్కగా చూశారు. ఆశ్వాసం మాత్రం వేరు. ఊపిరి తీసుకోవడం, ఊరట అని దాని అర్థం. వినేవాళ్లు కాస్త సేదతీరే చోటు అన్నమాట.

అన్నిటికన్నా నన్ను ఆపేసిన పేరు మహాభారతంలోని సౌప్తిక పర్వం. అశ్వత్థామ రాత్రివేళ పాండవుల శిబిరంలోకి చొరబడి నిద్రలో ఉన్నవాళ్లను చంపుతాడు. ఆ కథకు పెట్టిన పేరులో కత్తి లేదు, చావు లేదు. సుప్తి, అంటే నిద్ర, అదొక్కటే ఉంది. జరిగిన ఘోరమంతా ఆ ఒక్క మాటలో వినిపిస్తుంది.

ఇక నా ప్రశ్న. అన్నదమ్ములు వేరుపడే అధ్యాయానికి ‘ముసలం’ అని పెడదామనుకున్నాను. ‘ఇంట్లో ముసలం పుట్టింది’ అని మనం అంటూనే ఉంటాం కదా. కానీ పేరు చదవగానే గొడవ రాబోతోందని తెలిసిపోతుందేమోనని టెన్షన్. ఏమంటారు?

*

ఒక సభ్యురాలు:

తెలిసిపోతే ఏమవుతుందండీ? భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య పర్వాల పేర్లన్నీ సేనాపతులవే. పేరు వినగానే ఈయన వంతు వచ్చిందని వినేవాళ్లకు తెలుసు. అయినా కర్ణుడి రథచక్రం కుంగే దగ్గర గుండె బరువెక్కుతుంది. ఎవరు పడతారన్నది కాదు, ఎలా పడతారన్నదే మనల్ని కూర్చోబెడుతుంది. మీ కథలో ఆ బలం ఉంటే ధైర్యంగా పెట్టండి.

*

మరో సభ్యుడు:

నా అభ్యంతరం వేరే. తెలిసిపోవడం కాదు, అసలు తెలియకపోవడం గురించే నా భయం. మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. ముసలం అంటే ముసలితనానికి సంబంధించిన మాట అనుకున్నాడు. తప్పు వాడిది కాదు, కథ తెలియకపోతే మాట ఒంటరిదైపోతుంది. ఉద్యోగ పర్వం చూడండి. అక్కడ ఉద్యోగం అంటే పూనిక, యుద్ధానికి సన్నాహం. ఇవాళ ఆ మాట వింటే జీతం, సెలవులే గుర్తొస్తాయి.

మౌసల పర్వంలో యాదవ కుర్రాళ్లు సాంబుడికి గర్భిణి వేషం వేసి, ఏం పుడుతుందని మునులను ఆటపట్టిస్తారు. కులాన్ని నాశనం చేసే ఇనప ముసలం పుడుతుందని వాళ్లు శపిస్తారు. పుట్టిన దాన్ని పొడి చేసి సముద్రంలో కలిపినా శాపం తప్పలేదు. చివరికి ఒడ్డున తుంగ పరకలే రోకళ్లుగా మారి, వాటితోనే ఒకరినొకరు కొట్టుకుని పోయారు.

ముసలం అంటే మన రోకలే కదండీ. ఆ పేరే పెట్టకూడదా? ‘రోకలి’ అంటే మా అబ్బాయికి వంటింట్లో వస్తువు కనిపిస్తుంది. మౌసల పర్వం తెలిసినవాళ్లకు రెండో చప్పుడు కూడా వినిపిస్తుంది. నుడికారాన్ని మీరు పైకి చెప్పక్కర్లేదు.

*

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలండీ. ‘రోకలి’ అనే పెడుతున్నాను. మీ జవాబు చదివాక రాత్రి ఆ అధ్యాయం మళ్లీ తీశాను. అందులో పంపకాల రోజున ఇత్తడి గిన్నెలు, బిందెలు, బెల్లం పెనం అన్నీ లెక్కపెట్టి మూడు వాటాలు వేస్తారు. రోకలి సంగతి నేను రాయనే లేదు. ఇప్పుడు రాశాను. పెరట్లో రోటి పక్కన గోడకు ఆనించి ఉంటుంది, పొన్ను అరిగిపోయి. ఏ వాటాలోనూ పడదు. ఎవరూ అడగరు కూడా. బండి కదిలేముందు వాళ్లమ్మ వెళ్లి దాన్ని తడిగుడ్డతో తుడిచి మళ్లీ అక్కడే పెడుతుంది.