బీరువాలోని కథల పుస్తకాలను పిల్లలందరికీ దగ్గర చేసేదెలా?

నేను ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో 3, 4 తరగతులకు బోధిస్తున్నాను. నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ ప్రచురించిన తెలుగు బొమ్మల కథలు మా బడిలో చాలానే ఉన్నా, చిరిగిపోతాయన్న భయంతో ఏళ్ల తరబడి బీరువాలోనే ఉండిపోయాయి. ఈ జూన్ నుంచి వాటిని పిల్లలకు అందే ఎత్తులో తాడు కట్టి వేలాడదీస్తున్నాను. చదవడం బాగా వచ్చిన పిల్లలు ఇష్టంగా తీసుకుంటున్నారు. ఒత్తుల దగ్గర తడబడేవారు మాత్రం బొమ్మలు చూసి, రెండో పేజీలోనే పుస్తకం మూసేస్తున్నారు. అది చూస్తే నాకు ఎంతో బాధగా ఉంటోంది. నేను ముందుగా చదివి వినిపించిన కథనే వారి చేతికివ్వడం మేలా, లేక 5వ తరగతి విద్యార్థిని పక్కన కూర్చోబెట్టి చదివించడం మేలా? చదువు రాని తల్లిదండ్రులున్న ఇళ్లకు పుస్తకాలు పంపిన ఉపాధ్యాయులెవరైనా ఉంటే, ఇంటి దగ్గర పిల్లల చేత ఏం చేయించారో దయచేసి వివరంగా తెలియజేయగలరు.