ఊరి నడిబొడ్డున విదేశీ ఎయిర్‌బేస్: ఒకినావాలోని గినోవాన్ నష్టాన్ని ఎలా లెక్కగట్టాలి?

ప్రశ్న (ప్లానింగ్_విద్యార్థి)

విదేశీ సైనిక స్థావరం పెరిగే నగరాన్ని ఎలా మారుస్తుందన్న అంశం మీద సెమినార్ పేపర్ రాస్తున్నాను. జపాన్‌లోని ఒకినావా దీవిలో ఉన్న గినోవాన్ నగరాన్ని ఎంచుకున్నాను. ఊరి వైశాల్యం 19.8 చదరపు కిలోమీటర్లు, జనాభా లక్ష. అందులో దాదాపు పావు వంతు నేల, అదీ సరిగ్గా మధ్యలో, అమెరికా మెరైన్ల ఫుటెన్మా ఎయిర్ స్టేషన్ కింద ఉంది. నేను చదివినవాటిలో సగం విమానాల రొద గురించి, మిగతా సగం "బేస్ పోతే ఉపాధి పోతుంది" అన్న వాదన గురించి. రొద కాక ఇంకేం కొలవాలి? ఉపాధి వాదనలో పస ఎంత? భూమి తిరిగి చేతికొచ్చాక కూడా కట్టడాలు లేవడానికి అన్నేళ్లు ఎందుకు పడుతుంది? తెలిసినవారు చెప్పండి.

జవాబు 1 (రోడ్లు_కాలవలు)

మ్యాప్‌లో బేస్‌ని కాసేపు పక్కన పెట్టి, చుట్టూ ఉన్న రోడ్లు చూడండి. పడమట 58వ నంబరు జాతీయ రహదారి, తూర్పున 330. రెండూ ఉత్తర దక్షిణాలుగా పోతాయి. మధ్యలో 2,700 మీటర్ల పైచిలుకు రన్‌వే అడ్డం. తూర్పు పేట నుంచి పడమటి పేటకు నేరు దారి లేదు కాబట్టి ఫైరింజన్ అయినా అంబులెన్స్ అయినా కంచె చుట్టూ తిరిగి రావాల్సిందే.

మీ మొదటి కొలత ఇక్కడే దొరుకుతుంది. కంచెకు అటు పది చోట్లు, ఇటు పది చోట్లు గుర్తు పెట్టుకోండి. ఒక్కో జతకూ నేరు దూరం, రోడ్డు దూరం తీసి, రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. అదే లెక్క పక్కనున్న ఉరాసోయే నగరానికీ కట్టండి. అక్కడా అమెరికా బేస్ ఉంది, కానీ సముద్రపు ఒడ్డున. బేస్ ఎంత పెద్దది అన్నదానికంటే ఊళ్లో ఏ చోట కూర్చుంది అన్నదే ఎక్కువ ముఖ్యమని నా అభిప్రాయం. చాలామంది విస్తీర్ణం శాతం రాసేసి వదిలేస్తారు, అది చాలదు.

రెండోది క్లియర్ జోన్. రన్‌వే కొస నుంచి సుమారు 900 మీటర్ల దాకా ఇళ్లూ బడులూ ఉండకూడదన్నది అమెరికా సైన్యం సొంత ప్రమాణం. ఫుటెన్మాలో ఆ జోన్ కంచె దాటి ఊళ్లోకి వచ్చేస్తుంది. నగరపాలక సంస్థ లెక్కలో అందులో దాదాపు 800 ఇళ్లు, 3,600 మంది ఉన్నారు. 2004 ఆగస్టు 13న సీహెచ్-53డీ హెలికాప్టర్ ఒకినావా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ ఆవరణలో కూలింది. 2017 డిసెంబరులో మరో హెలికాప్టర్ కిటికీ ఊడి, కంచెను ఆనుకుని ఉన్న ఫుటెన్మా 2వ ప్రాథమిక పాఠశాల మైదానంలో పడింది.

"బేస్ ముందు వచ్చింది, జనం తర్వాత వచ్చి చేరారు" అనే మాట మీకు తప్పకుండా ఎదురవుతుంది. కానీ 1945లో ఆ రన్‌వే వేసింది గినోవాన్, కామియామా వంటి పల్లెల మీద. యుద్ధకాలపు శిబిరాల నుంచి తిరిగొచ్చినవాళ్లకు సొంత నేల దక్కక కంచె పక్కన ఇళ్లు కట్టుకున్నారు. ఆ నేలలో సుమారు 90 శాతం ఇప్పటికీ ప్రైవేటు పట్టా భూమే.

రొదను ఎలాగూ రాస్తారు కాబట్టి ఒక్క జాగ్రత్త. పాత నివేదికల్లో డబ్ల్యూ విలువ ఉంటుంది, 2013 నుంచి ఎల్-డెన్. రెండూ విమానాల రొదను కొలిచే వేర్వేరు సూచికలు. రెంటినీ ఒకే గ్రాఫ్‌లో కలపకండి. ఇళ్లకు ఇచ్చే సౌండ్‌ప్రూఫింగ్ కిటికీలు పనిచేయాలంటే ఆ ఉక్కలో తలుపులన్నీ మూసి ఏసీ వేసుకోవాలి. హెలికాప్టర్ల తక్కువ ఫ్రీక్వెన్సీ ధ్వని అప్పటికీ గోడల్లోంచి వచ్చేస్తుంది. 2010 జులైలో ఫుకువోకా హైకోర్టు నాహా శాఖ ఈ తక్కువ ఫ్రీక్వెన్సీ బాధను గుర్తించి పరిహారం ఇవ్వమంది. విమానాలు ఆపమని మాత్రం అనలేదు.

జవాబు 2 (లెక్కలపద్దు)

ఉపాధి సంగతి. ఒకినావా ఆదాయంలో బేస్‌ల మీద వచ్చేది 1972లో, అంటే దీవి జపాన్‌కు తిరిగొచ్చిన ఏడు, 15.5 శాతం. ఇటీవలి దశాబ్దంలో 5, 6 శాతం చుట్టూ ఉంటోంది.

తిరిగొచ్చిన భూముల్లో అందరూ చూపేది నాహా నగరంలోని షింతోషిన్. ఒకప్పుడు అమెరికన్ కుటుంబాల నివాసాలు, 1987లో పూర్తిగా అప్పగించారు. ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) లెక్క 52 ఓకు యెన్ల నుంచి 1,634 ఓకులకు అంటుంది. ఇక్కడే అందరూ తడబడతారు: వాళ్ల "ఓకు" అంటే మన పది కోట్లు. కాబట్టి అక్కడ ఏటా వచ్చే ఆర్థిక ప్రయోజనం 520 కోట్ల యెన్ల నుంచి 16,340 కోట్ల యెన్లకు పెరిగింది. ఉద్యోగాలు 168 నుంచి 15,560కి. గినోవాన్ పక్క పట్టణం చాతాన్‌లో, తిరిగొచ్చిన కువాయె, కితామాయె ప్రాంతంలో పెరుగుదల 108 రెట్లు.

ఈ రెట్లను ఫుటెన్మాకు యథాతథంగా అతికించకండి. షింతోషిన్‌లో పెరిగిన అమ్మకాల్లో కొంత నాహా పాత బజార్ల నుంచి తరలి వచ్చినదే. పైగా అప్పటికి పెద్ద షాపింగ్ మాల్‌లు తక్కువ. ఇప్పుడు అమెరికా సైన్యం తిరిగి ఇచ్చిన అవాసే గోల్ఫ్ కోర్సు నేలలోనే 2015లో భారీ ఈయాన్ మాల్ వచ్చింది. ఫుటెన్మాలో 470 హెక్టార్ల పైచిలుకు భూమి ఒక్కసారిగా మార్కెట్‌లోకి వస్తే అన్నీ దుకాణాలతో నింపలేరు. పరిశోధన, వైద్యం, పెద్ద పార్కు లాంటివి కలిపి లెక్క వేయాలి.

భూయజమానుల వైపు కూడా చూడండి. వాళ్లకు కౌలు ఇచ్చేది జపాన్ ప్రభుత్వమే, ఏటా నిక్కచ్చిగా వస్తుంది. ఆ పట్టాలు మార్కెట్‌లో "ఏడాది కౌలుకి ఇన్ని రెట్లు" అనే ధరకు చేతులు మారతాయి. ఊరితో ఏ సంబంధం లేని పెట్టుబడిదారులు కూడా కొంటారు. రేపు రోడ్లకూ బడులకూ స్థలం విడగొట్టేటప్పుడు ఒప్పించాల్సిన సంతకాలు అలా పెరుగుతూ పోతాయి.

జవాబు 3 (మట్టి_నీరు)

మూడో ప్రశ్నకు. 1960 నాటి సోఫా (జపాన్‌లో అమెరికా సైన్యం ఉండే షరతుల) ఒప్పందం 4వ అధికరణం ప్రకారం, నేలను పూర్వస్థితికి తెచ్చి ఇవ్వాల్సిన బాధ్యత అమెరికాకు లేదు. శుభ్రం చేసేది జపాన్ ప్రభుత్వం. కానీ నేల కింద ఏముందో చాలా ముందుగా చూడడానికి వీల్లేదు. 2015 పర్యావరణ ఒప్పందంలో అప్పగింతకు ముందు సర్వేకి ఇచ్చిన గడువు 150 పనిదినాలు దాటదు. ఆ కొద్ది వ్యవధిలో పురావస్తు పరిశీలన, మట్టి పరీక్ష, సరిహద్దు కొలత ఏం పూర్తవుతాయి? అందుకే ప్రణాళిక ఊహల మీద గీస్తారు, తవ్వాక మళ్లీ మారుస్తారు. 2002లో చాతాన్‌లో 187 నూనె పీపాలు బయటపడ్డాయి. 2013లో ఒకినావా నగరంలో, కదేనా బేస్ తిరిగి ఇచ్చిన నేల మీది ఫుట్‌బాల్ మైదానంలో మొదలైన తవ్వకంలో వంద దాటాయి.

గినోవాన్‌లో నీళ్లను విడిగా రాయండి. నేల సున్నపురాయి. వాన నీరు ఇంకి, బేస్ అడుగునుంచి పడమటికి పారి, ఊటలుగా పైకి వస్తుంది. ఒయామాలో ఆ ఊట నీళ్లతోనే చేమ మళ్లు పండుతాయి. బేస్‌లో మంటలార్పే నురుగులోని పీఫాస్ (ఏళ్లు గడిచినా విరిగిపోని) రసాయనాలు ఈ ఊటల్లో కనిపించాయి. జపాన్ తాగునీటికి 2020లో పెట్టిన తాత్కాలిక పరిమితి లీటరుకు 50 నానోగ్రాములు. అదే ఏడాది ఏప్రిల్ 10న హ్యాంగర్‌లోని యంత్రం విడిచిన 2.27 లక్షల లీటర్ల నురుగు నీటిలో 1.43 లక్షల లీటర్లు కంచె దాటి వాగులోకి వెళ్లాయి. తెల్లని నురుగు ముద్దలు గాలికి లేచి ఇళ్ల మధ్య ఎగిరాయి.

భూమి చేతికొచ్చాక జరిగేది మన అమరావతి ల్యాండ్ పూలింగ్‌కి దగ్గరి పద్ధతి. అందరి ప్లాట్లూ కలిపి, రోడ్లకూ పార్కులకూ కొంత తీసి, మిగిలింది పంచుతారు. అందుకే నగరపాలక సంస్థ బడులకు కావాల్సిన స్థలాన్ని అప్పగింతకు ముందే కొనిపెట్టుకోవాలి. ఆలస్యమైతే ధర పెరుగుతుంది.

ప్లానింగ్_విద్యార్థి

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. విశాఖలో ఐఎన్‌ఎస్ డేగాతో పోల్చి ఒక అధ్యాయం పెట్టవచ్చా?

రోడ్లు_కాలవలు

భవనాల ఎత్తు పరిమితి వరకు పోల్చవచ్చు. డేగా మన నౌకాదళానిది, చుట్టుపక్కల కట్టడాలకు ఎన్‌వోసీ మన చట్టం కిందే నడుస్తుంది. ఒకినావాలో అమెరికా విమానాలకు జపాన్ విమానయాన చట్టంలోని కనీస ఎత్తు నిబంధన వర్తించదు. ఆ తేడా చెప్పకుండా పోల్చకండి.

అధ్యాయానికి నేనైతే నిషి ఫుటెన్మా తీసుకుంటాను. అమెరికన్ సైనిక కుటుంబాల పాత నివాస ప్రాంతం, గినోవాన్‌లోనే, 51 హెక్టార్లు. 2015 మార్చిలో అప్పగించారు, అక్కడికి మారిన ర్యూక్యూ యూనివర్సిటీ ఆసుపత్రి 2025 జనవరిలో తెరిచారు. దాదాపు పదేళ్లలో ఏ దశకు ఎంత పట్టిందో ఏడాదివారీగా పట్టిక వేసి, ఫుటెన్మా దానికి తొమ్మిది రెట్లని గుర్తుంచుకుని అంచనా కట్టండి.