సమస్య: "చావు లేనివాఁడు చచ్చె నేఁడు"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలు మీరు రాసి పూరించాలి.

చావు లేనివాఁడు చచ్చె నేఁడు

విషయం కూడా నేనే ఇస్తున్నాను. తన గొప్పను తానే నమ్మి, ఆ నమ్మకం వల్లనే కూలిపోయిన ప్రతినాయకుడు. పురాణాల నుంచి తీసుకోవచ్చు, కల్పించుకోవచ్చు. కొత్తవారి కోసం ఒకసారి లక్షణం చెబుతాను. 1, 3 పాదాల్లో 3 సూర్యగణాలు (గురువు, లఘువు లేదా మూడు లఘువులు), ఆపైన 2 ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో 5 సూర్యగణాలు. ప్రతి పాదంలో మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి, అంటే అక్షరమైత్రి, చెల్లాలి, లేదా ప్రాసయతి (ఆ రెంటి తరువాతి అక్షరాలు కలవడం) వేయాలి.

ఒక్క మనవి. చచ్చినవాడు ఎవరో చెప్పి ఊరుకోవద్దు. చావు లేనివాడు ఎలా చచ్చాడన్న చిక్కు విప్పండి. అతనికి చావు లేదని ఎవరు అన్నారు? ఎవరు నమ్మారు? నేను చూసేది అదే.

పద్యప్రియుడు:
సురల నెంచి నరునిఁ జులకనగాఁ జూచి
బ్రహ్మ వరము గొన్న పంక్తిముఖుఁడు
నరుని బాణమునకె నామావశేషుఁడై
చావు లేనివాఁడు చచ్చె నేఁడు

నిర్వాహకుడు:
మొదటి పాదం చాలా బాగుంది. ఉత్తరకాండలో ఈ పంక్తిముఖుడు, అంటే రావణుడు, పక్షులు, నాగులు, యక్షులు, దైత్యులు, దానవులు, రాక్షసులు, దేవతలు అంటూ ఒక్కొక్కరినీ పేర్కొని వారి వల్ల చావు వద్దంటాడు. మనుషులను గడ్డిపరకలుగా భావించి వదిలేస్తాడు. ఆ వదిలేసిన చోటు నుంచే బాణం వచ్చింది. "చులకనగాఁ జూచి" అన్న మాటలో ఇదంతా ఇమిడిపోయింది.

మూడో పాదం దగ్గర నాకు తృప్తి లేదు. నామావశేషుడై చచ్చాడంటే చచ్చి చచ్చాడన్నట్టే, అది పునరుక్తి. అంతకంటే పెద్ద లోపం, చిక్కు విడలేదు. బ్రహ్మ అతనికి అమరత్వం ఇవ్వలేదు కదా, మరి చావు లేనివాడని అన్నది ఎవరు? పద్యం దానికి జవాబు చెప్పదు. మీ పద్యంలో ఆ ఒక్క పాదమే మార్చి చూస్తున్నాను:

నరుని తూపు తగిలి, నమ్మకమందునే
చావు లేనివాఁడు చచ్చె నేఁడు

ఇప్పుడు అతను తన నమ్మకంలో మాత్రమే చావు లేనివాడు.

పద్యప్రియుడు:
ధన్యవాదాలండీ. నామావశేషుడన్న మాట గంభీరంగా ఉందని వాడాను, అర్థం సంగతి ఆలోచించలేదు. మీ సవరణతో రెండో పాదంలోని పంక్తిముఖుడు నేరుగా సమస్యతో కలిసిపోయాడు. సవరించిన రూపమే ఉంచుకుంటాను.

తేటగీతి:
పగట వలదు చావు, వలదు రాత్రియు నంచు
సంజ మఱచె దైత్యచక్రవర్తి
గడపమీఁద వేచె ఘనసింహరూపానఁ
జావు, లేనివాఁడు చచ్చె నేఁడు

నిర్వాహకుడు:
విరుపు! "గడపమీఁద వేచె చావు" అని అక్కడ ఆపడం నాకు తట్టలేదు. సమస్యలోని మొదటి మాటను పై పాదానికి అప్పగించారు. సంజ, చక్రవర్తి యతి కూడా హాయిగా ఉంది.

మరొకటి గమనించారా? రావణుడిది అలక్ష్యం, హిరణ్యకశిపుడిది అతిజాగ్రత్త. లోపలా బయటా వద్దు, నేల మీదా నింగిలోనూ వద్దు, మనిషి వల్లా మృగం వల్లా వద్దు అని అన్ని వైపులా గోడలు కట్టుకున్నాడు. గోడకూ గోడకూ మధ్య సందు ఉంటుందని తోచలేదు. ఇంత లెక్క వేశాను కనుక ఇక తప్పు ఉండదన్న నిశ్చింత అతన్ని చంపింది. ఇద్దరి అహంకారాలూ ఒకే రకం కావు. భాగవతం సప్తమ స్కంధం ఎప్పుడు చదివినా నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ రెండో రకమే.

భాగవతాభిమాని:
నాకు రెండు అభ్యంతరాలు. "సింహరూపాన" అంటే వరానికి లోబడినట్టే అవుతుంది, ఎందుకంటే సింహం మృగం. సగం నరుడు కావడమే కీలకం, పద్యంలో అదే జారిపోయింది. "ఘన" యతి కోసం వచ్చిన మాట. రెండవది, విరిచిన తరువాత మిగిలిన "లేనివాఁడు" అంటే బీదవాడని అర్థం. మూడు లోకాలు ఏలినవాడు బీదవాడా?

తేటగీతి:
మొదటిది పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఇలా మార్చాను:

నడిమి గడప నిలిచె నరసింహరూపానఁ
జావు, లేనివాఁడు చచ్చె నేఁడు

రెండవది మాత్రం కావాలనే రాశాను. అన్నీ ఉన్నవాడిని "లేనివాడు" అనాలనే నా కోరిక. అంత ఐశ్వర్యంలోనూ హరి లేనివాడు, ఇంట్లో కన్నకొడుకు ప్రేమ లేనివాడు. అంతకంటే బీదతనం నాకు కనబడలేదు.

భాగవతాభిమాని:
భావం బాగుంది, కాదనను. కానీ ఆ మాట మీరు చెబితే తెలిసింది, పద్యం చెప్పలేదు. నా అభ్యంతరం అలాగే ఉంచుతున్నాను. నరసింహుణ్ణి తెచ్చిన పాదానికి మాత్రం నమస్కారం.

నా పూరణ:

వరము నిజమొ కల్లొ? వటువు మాటల నమ్మి
తనదు చేయి మోపెఁ దలను వృకుఁడు
శివునిఁ గాల్చఁ గోరి, చెడి బూడిదైపోయి
చావు లేనివాఁడు చచ్చె నేఁడు

పద్యప్రియుడు:
మీ పేరు చూసే అడుగుతున్నాను. వృకాసురుడూ, వటువు వేషంలో వచ్చిన విష్ణువూ భాగవతం దశమ స్కంధంలోని వారు. అక్కడ వాడి తల పిడుగు పడ్డట్టు పగిలిపోతుంది. బూడిద కావడం జనంలో ఉన్న భస్మాసురుడి కథ, అందులో వచ్చేది మోహిని. రెండూ కలిసిపోయాయి కదా?

భాగవతాభిమాని:
నిజమే, చిన్నప్పుడు విన్న కథ చేతికి అడ్డం వచ్చింది. సరిదిద్దాను:

శివునిఁ జంపఁ బోయి, శిరము ముక్కలు గాఁగఁ
జావు లేనివాఁడు చచ్చె నేఁడు

నిర్వాహకుడు:
చిక్కు విప్పడంలో ఈ పూరణ కొంచెం బలహీనం. వృకుడికి చావు లేదని ఎవరూ అనలేదు. అయినా "వరము నిజమొ కల్లొ?" అన్న ప్రశ్న కోసం దీన్ని వదులుకోలేను. ఎవరి తల మీద చేయి పెడితే వారు చావాలని, తన మాంసం కోసి అగ్నిలో వేసి తెచ్చుకున్న వరం అది. శివుణ్ణి తరిమింది ఆ వరాన్ని పరీక్షించడానికే. దక్షశాపంతో పిశాచమైనవాడి మాట నమ్ముతావా అని వటువు అనగానే సందేహం పుట్టింది. పరీక్షించడానికి తన తలే దొరికింది. అంత పొగరులోనూ లోపల ఇంత బెరుకు ఉంటుందని ఆ ఒక్క ప్రశ్న పట్టిస్తుంది.

కొత్త విద్యార్థిని:
అందరికీ నమస్కారం. పద్యం రాయడం నాకు ఇది రెండోసారి. తప్పులుంటే చెప్పండి.

చెల్లి కడుపు పంటఁ జెఱలోనె హతమార్చి
మేటి వీరుఁ డనుచు మీసము దువ్వి
మందలోనఁ బెరుఁగు మరణమ్ము నెఱుఁగక
చావు లేనివాఁడు చచ్చె నేఁడు

నిర్వాహకుడు:
అమ్మా, "మందలోనఁ బెరుఁగు మరణమ్ము" దగ్గర ఆగిపోయాను. కంసుడు తలుపులన్నీ కాపలా పెట్టుకుంటే, వాడి చావు ఎక్కడో ఆవుల మధ్య పాలు తాగుతూ పెరుగుతోంది. ఎంత చక్కటి ఊహ!

రెండో పాదంలో గణభంగం ఉంది. చివరి గణం "ము దువ్వి". ద్విత్వం ముందున్న "దు" గురువు కనుక లఘువు, గురువు, లఘువు అయింది. అది సూర్యగణం కాదు. "మీసము దువ్వి" బదులు "మిట్టిపడుచు" అంటే సరిపోతుంది.

పద్యప్రియుడు:
లేదా ఇలా అనవచ్చు, చిక్కు కూడా విడిపోతుంది:

నాకుఁ జావు లేదు నమ్ముఁ డనుచు

చావు లేదన్నది వాడి మాటే అవుతుంది.

కొత్త విద్యార్థిని:
ఇదే తీసుకుంటాను. "నమ్ముఁడు" అని ఇతరులకు చెబుతున్నా, నమ్మించుకుంటున్నది తనకే అనిపిస్తోంది. గురువుగారూ, మీ పూరణ కూడా చూడాలని ఉంది.

నిర్వాహకుడు:
నాది పురాణపాత్ర కాదు.

పొగడువారి మాటఁ బొదలెడి యహమున
విడిచె హితుల నెల్ల వెఱ్ఱివాఁడు
భట్టు పాడినట్టి పద్యాల లోపలఁ
జావు లేనివాఁడు చచ్చె నేఁడు

కొత్త విద్యార్థిని:
చావు లేనిది పొగడ్త పద్యాలలోనేనా! చాలా బాగుందండీ. ఒక సందేహం. "పాడినట్టి"లో "అట్టి" గణం కోసం వచ్చిందా? "భట్టు దినముఁ జదువు" అంటే, ఆ పొగడ్త రోజూ వినే అలవాటు కూడా తెలుస్తుంది కదా?

నిర్వాహకుడు:
గణం కోసమే వచ్చిందమ్మా, సరిగ్గా పట్టుకున్నావు. ఒక్క రోజు పాటతో మనిషి అంత చెడడు, రోజూ వింటేనే చెడతాడు. నా పద్యానికి లేని కారణం నీ మాటతో వచ్చింది. ఇక నుంచి ఇలాగే చదువుతాను:

భట్టు దినముఁ జదువు పద్యాల లోపలఁ
జావు లేనివాఁడు చచ్చె నేఁడు