మూడున్నరేళ్ళ బాబుతో ఇంట్లో ఏం చేయించాలి? బెంగళూరు తెలుగువాళ్ళు చెప్పండి

వైట్‌ఫీల్డ్ అమ్మ:
మా బాబుకి ప్లేస్కూల్ పన్నెండింటికే అయిపోతుంది. నాది వర్క్ ఫ్రం హోమ్, మధ్యాహ్నమంతా మీటింగులే. చేతికి ఫోన్ ఇస్తున్నాను, రోజూ అదే టెన్షన్. యాక్టివిటీ కిట్ కొంటే రెండు రోజులు ఆడి వదిలేశాడు. విడిగా కూర్చోబెట్టి నేర్పే టైము నాకు లేదు. మీరేం చేస్తున్నారు?

యలహంక అవ్వ (మాది హిందూపురం):
అమ్మా, ఇప్పుడు అనపకాయల (చిక్కుడు జాతి గింజల కాయలు) కాలం కదా. కాయలు ఒలిచేటప్పుడు మా మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఒలిచే ముందు కాయని తడిమి లోపల ఎన్ని గింజలున్నాయో చెప్పాలి. మూడో నాలుగో చెప్పి, తర్వాత విప్పి లెక్కపెట్టుకుంటుంది. తప్పని నేను అనను, ఇంకో కాయ ఇస్తాను. నానిన గింజలు పితకడమంటే మరీ ఇష్టం. బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కితే పప్పు చటుక్కున దూకుతుంది. మొదట్లో పది గింజలకే వేళ్ళు నొప్పి అనేది, ఇప్పుడు చిన్న గిన్నె నింపుతోంది. రేపు పెన్సిల్ పట్టేదీ ఆ వేళ్ళే కదా. ఆరోజు పితికిపప్పు కూర వద్దనకుండా తింటుంది, తను చేసిందని.

హెచ్ఎస్ఆర్ నాన్న:
మేము బోర్డులు చదువుతాం. పాపకి నాలుగేళ్ళు. పాల కోసం నడిచి వెళ్ళేటప్పుడు రోజుకో అక్షరం వెతుకుతాం. కన్నడలో గ, ర, న, మ దాదాపు మన తెలుగు అక్షరాల్లాగే ఉంటాయి. క, త దగ్గర తేడా వస్తుంది. "ఇది మనది కాదు నాన్నా" అని పాపే పట్టుకుంటుంది. రెండు లిపులూ కలిసిపోతాయేమో అని మొదట భయపడ్డాను, అలా ఏమీ జరగలేదు.

బనశంకరి అమ్మ:
గింజల దగ్గర మాత్రం ఎవరో ఒకరు పక్కనే ఉండండి. మావాడు ఎండు శనగగింజ ముక్కులో పెట్టుకున్నాడు. నేను వేలితో తీయబోతే ఇంకా లోపలికి పోయింది. తడికి గింజ ఉబ్బుతుంది కూడా. కెలక్కుండా నేరుగా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆరోజు తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

జేపీ నగర్ టీచర్:
బనశంకరి అమ్మ చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోండి. మీటింగ్ టైములో గింజలు, నీళ్ళు వద్దు. స్టీలు డబ్బాలన్నీ కింద పెట్టి, మూతలు విడిగా కుప్ప పోయండి. ఏ మూత దేనికో వెతుక్కుంటారు. ఇంకోటి, ఉతికిన బట్టలు: ఇవి నాన్నవి, ఇవి నావి అని వేరుచేయడం, సాక్సులు జత కలపడం. మొదటి ఐదు నిమిషాలు మీరూ కూర్చుని, పనిలో పడ్డాక లేవండి. నేను చూసినంతవరకు ఈ వయసు పిల్లలు ఒక పని మీద పది, పదిహేను నిమిషాలు ఉంటే గొప్పే. గంటసేపు ఆడాలని ఆశించకండి.

మూడు, నాలుగేళ్ళ పిల్లలకి స్క్రీన్ రోజుకి గంట దాటకూడదని, మూడు గంటలైనా ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. కాబట్టి సాయంత్రం కిందకి దింపండి, పరిగెత్తనివ్వండి. ఇంట్లో తెలుగే మాట్లాడండి. పిల్లలకి ఇంటి భాషలోనే నేర్పడం మేలని 2020 జాతీయ విద్యా విధానం కూడా అంటుంది.

వైట్‌ఫీల్డ్ అమ్మ:
ఈరోజు డబ్బాలు పెట్టి చూశాను. పన్నెండు నిమిషాలు నన్ను పిలవలేదు! తర్వాత మీటింగ్ మధ్యలో వచ్చి, పోపుల డబ్బా మూత దొరికిందని చూపించాడు. మ్యూట్ చేసి ముద్దు పెట్టుకున్నాను. అవ్వగారూ, ఆదివారం మా బాబుతో నేనే కూర్చుని పితికిస్తాను. గింజలు ఎంతసేపు నానాలి?

యలహంక అవ్వ:
రాత్రి పడుకునే ముందు నీళ్ళలో వెయ్యి తల్లీ, పొద్దున్నకి తోలు వదులవుతుంది. ముదురు గింజలే తీసుకో, లేతవి నలిగిపోతాయి.