మడమ ముందు ఆనితే తప్పా? మునివేళ్ల మీద పరిగెత్తమని మా గ్రూపులో ఒకటే గోల

నెక్లెస్‌రోడ్_నత్త:
ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ కొడదామని ఏప్రిల్ నుంచి పరిగెడుతున్నా, వయసు 36, బరువు 81. కుడి మోకాలు నొప్పి మొదలైంది. గ్రూపులో సీనియర్ ఒకాయన చూసి నువ్వు మడమ కొడుతున్నావ్ అందుకే, రేపట్నుంచి మునివేళ్ల మీద పరిగెత్తు, నిమిషానికి 180 అడుగులు పడాలి అన్నాడు. మూడు వారాలు అలాగే చేశా, మోకాలు నిజంగానే తగ్గింది కానీ పిక్కలు రాయిలా బిగుసుకుపోయి పొద్దున్నే గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నా. ఏంటి సంగతి?

ఉత్తకాళ్ల_ఊరోడు:
ఆయన చెప్పింది కరెక్టే బ్రో. హార్వర్డ్ ప్రొఫెసర్ లీబర్‌మన్ 2010లో చూపించాడుగా, కెన్యాలో చిన్నప్పట్నుంచి చెప్పుల్లేకుండా పరిగెత్తినోళ్లు ఎక్కువగా పాదం ముందు భాగం మీదే దిగుతారు, మడమకి తగిలే ఆ మొదటి కుదుపు ఉండదు. ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్ మారథాన్ ఉత్తకాళ్లతోనే గెలిచాడు. మెత్తటి షూలు వచ్చి మనల్ని చెడగొట్టాయి. పిక్కలు కొన్నాళ్లు ఓర్చుకో.

ఫిజియో_అక్క:
ఓర్చుకో అనకు తమ్ముడూ, నా దగ్గరకొచ్చేవాళ్లలో ఈ ఓర్చుకున్న బ్యాచే ఎక్కువ. మునివేళ్ల మీద దిగితే బరువు మాయమైపోదు, మోకాలి మీద తగ్గి పిక్క మీదా మడమ వెనక పిక్కని మడమకి కలిపే అకిలిస్ టెండన్ మీదా పడుతుంది, నత్త గారికి జరిగింది అదే. ఇంకోటి, జపాన్‌లో సపోరో హాఫ్ మారథాన్‌లో 15వ కిలోమీటర్ దగ్గర కెమెరా పెట్టి చూస్తే ఎలైట్ రన్నర్లలోనే నూటికి 75 మంది దాకా మడమతోనే దిగారు. మీ బికిలా 1964 టోక్యోలో షూ వేసుకుని ఇంకో 3 నిమిషాలు తక్కువలో గెలిచాడు, అది ఎవరూ చెప్పరు 🙂

180 అంటారా, అది జాక్ డేనియల్స్ అనే రన్నింగ్ కోచ్ 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో రేసు స్పీడులో ఉన్నవాళ్లని లెక్కపెట్టిన నంబరు. కిలోమీటర్ 7 నిమిషాల్లో పోయేవాళ్లకి అదెందుకు? 30 సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి 4తో గుణించండి, దాని మీద 5 శాతం పెంచండి చాలు. అంగ కాస్త చిన్నదైతే మోకాలి మీద భారం దానంతటదే తగ్గుతుంది.

ఓరుగల్లు_1600:
అక్కా నిజం. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలని యూట్యూబ్ చూసి మునివేళ్ల మీద ఉరికిన, రెండు వారాలకే ముంగాలి ఎముక పట్టుకుంటే ప్రాణం పోయింది. నెల గ్రౌండ్ మొహం చూడలే.

ఉత్తకాళ్ల_ఊరోడు:
అన్నా రెండు వారాల్లో చేస్తే ఏదైనా విరుగుద్ది. నాకు ఎనిమిది నెలలు పట్టింది, మొదట్లో రోజుకి 500 మీటర్లే, అదీ పొలం గట్టు మీద. పద్ధతి తప్పు కాదు, తొందర తప్పు.

ఫిజియో_అక్క:
అదేదో మొదటి పోస్టులోనే చెప్పొచ్చుగా.

నెక్లెస్‌రోడ్_నత్త:
అప్‌డేట్. మా ఆవిడతో పక్క నుంచి స్లో మోషన్ వీడియో తీయించా, పాదం మోకాలి కింద పడట్లేదు, జానెడు ముందుకెళ్లి బ్రేకేసినట్టు పడుతోంది. లెక్కపెడితే 38, అంటే 152. టిక్ టిక్ అని తాళం వేసే మెట్రోనోమ్ యాప్‌లో నిమిషానికి 160 పెట్టి ఇవాళ 3 కిలోమీటర్లు మెల్లగా పోయా, మడమే ఆనింది, నొప్పి లేదు. గ్రూపులో ఆయనకి మాత్రం ఇంకా చెప్పలేదు.